పై పొరలో నగరి చీర

చింతలవంక,
1944 నవంబరు 12.

ఆనందా,

అందరం బాగున్నామని మొదలుపెడితే నువ్వు నమ్మవు. బాగాలేమని మొదలుపెడితే నీకు నిద్ర పట్టదు. అందుకని ఎర్రావు సంగతితో మొదలుపెడుతున్నాను. మొన్న తెల్లవారేసరికి ఈనింది. కోడెదూడ, నుదుట తెల్లచుక్క. మీ బావ సంతోషం పట్టలేక తను కప్పుకున్న గోనెపట్టా తీసి దూడకు కప్పి, తను వణుక్కుంటూ బావి దగ్గరికి, ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడడానికి పోయాడు. మధ్యాహ్నానికి జలుబు పట్టుకుంది. దూడ మాత్రం చక్కగా ఉంది.

వేరుశనగ పీకడం అయిపోయింది. కాయ కళ్లంలో ఉండగానే ముసురు పట్టి సగం నల్లబడింది. తెల్లకాయ సంతకు, నల్లకాయ మనకు. రైతు ఇంట్లో ఎప్పుడూ ఉండే పంపకమే. మీ బావ దిగులుపడితే, మన పొరుగింటి కుప్పమ్మ "నల్లగుంటే ఏమప్పా మునెయ్యా, కడుపులోకి పోయినాక ఎవురు సూస్తారు" అని నవ్వించింది.

ఇక నీ బిడ్డ దయ. నువ్వు ఊపిరితిత్తుల జబ్బుతో ఆ కొండ ఆసుపత్రికి పోయేనాటికి దానికి రెండేళ్లు నిండాయి, మాటలు నాలుగే వచ్చు. ఇప్పుడు అది నోరు మూస్తే ఇల్లు బోసిపోతుంది. పొద్దంతా కోళ్ల వెంట, దూడ వెంట తిరుగుతుంది. పండుకునే వేళకు మాత్రం పక్కంతా తడుముకుంటుంది. నువ్వు వదిలిపోయిన పాత పైటగుడ్డ కోసం. అది పీలికలై పోయింది, దానికి ఎలా చెప్పేది? ఏడ్చి ఏడ్చి చలికి ముడుచుకుని నిద్రపోతుంది. నాకు పిల్లలు లేరు కదా, పిల్లను ఎలా ఊరుకోబెట్టాలో తెలియక నేనూ దానితోపాటు కళ్లు తుడుచుకుంటున్నాను.

పాత బొంత చీకిపోయింది. కొత్తది కుడదామంటే ఈ యుద్ధం పుణ్యమా అని ఊళ్లో ఎవరింట్లోనూ పాతగుడ్డ లేదు. కొత్తచీర దొరికితే కదా పాతచీర పక్కన పడేసేది. అందరం అతుకులు వేసుకుని కట్టుకుంటున్నాం. నీ ట్రంకుపెట్టె తెరవమంటావా? నువ్వు వద్దంటే ముట్టను.

మీ ఆయన జయరావు ఈ ఆదివారమూ రాలేదు. రేణిగుంటలో రాత్రీ పగలూ మిలిటరీ రైళ్లే పోతున్నాయట, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లకు సెలవు లేదట. నీకు ఉత్తరం రాశాడా?

వేళకు తిను. పాలు వదిలేయకు.

మీ అక్క,
నిర్మలమ్మ

కొండ ఆసుపత్రి,
మదనపల్లె దగ్గర,
నవంబరు 21.

అక్కా,

నీ ఉత్తరం పక్క మంచం ఆమెకు కూడా చదివి వినిపించాను. ఆమెకు మన ఎర్రావు ఎవరో తెలియదు, అయినా దూడ పుట్టిందని సంతోషపడింది. ఇక్కడ సంతోషాలు అరువు తెచ్చుకుంటాం.

నేను ఎలా ఉన్నానని అడగలేదు నువ్వు. అడగడానికి భయపడ్డావని తెలుసు. బాగానే ఉన్నాను. మా మంచాలన్నీ వరండాలోనే. మూడు వైపులే గోడలు. గాలే మందంటారు. ఈ కొండమీద చలికాలం గాలి మందో శిక్షో నాకింకా తేలలేదు. అప్పుడప్పుడు పక్కటెముకల సందున సూది గుచ్చి లోపలికి గాలి పెడుతున్నారు. జబ్బుపడ్డ ఊపిరితిత్తి కదలకుండా విశ్రాంతి తీసుకోవాలట. మన వంశంలో విశ్రాంతి తీసుకున్న మొదటిది నా ఊపిరితిత్తే. ఎండాకాలం దాకా ఇలా పెట్టించుకుంటే మానిపోతుందని, మధ్యలో ఆపితే మొదటికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

పొద్దున మంచు కమ్మి కొండ కనబడదు. ఆ మంచులో ఎవరి పొలంలోనో అనపకాయ పూసిన వాసన వస్తుంది. అప్పుడు మాత్రం ఉండబుద్ధి కాదు అక్కా. మన వాకిట్లో కూర్చుని అనపగింజలు పితికి, పితికిపప్పు వండుకుని వేడి సంగటిలో నంజుకోవాలనిపిస్తుంది. దయకు ఒక్కో గింజా నోట్లో పెట్టాలనిపిస్తుంది.

పెట్టె తెరిచి ఏ చీర కావాలంటే ఆ చీర తీసుకో. అడగాలా? నాకిక్కడ ఇచ్చిన రెండు తెల్లచీరలే చాలు. ఇంకో మాట. దాన్ని నా కోసం ఎదురుచూసేలా పెంచకు. నా కోసం ఏడ్చే అలవాటు మాన్పించు. నీ బిడ్డే అనుకో. ఎండాకాలం చాలా దూరంలో ఉంది, అంతకాలం పసిది ఏడుస్తూ ఉండకూడదు.

ఆయన దగ్గర నుంచి దసరా తర్వాత ఉత్తరం లేదు. మిలిటరీ రైళ్లలోకి కాగితం, కలం కూడా ఎక్కించేశారేమో అడుగు.

బావకు మిరియాల కషాయం పెట్టు.

నీ చెల్లెలు,
ఆనంద

చింతలవంక,
డిసెంబరు 4.

ఆనందా,

బొంత అయిపోయింది. నాలుగు పొరలు. అడుగున నా ముతకచీర, దాని మీద మీ బావ పాత పంచె, ఆపైన నీ పెట్టెలోవి. కళ్లం ఊడ్చి పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, అంచు నుంచి చుట్టూ కుట్టుకుంటూ నడిమికి వచ్చాం. నడుమ నుంచి మొదలుపెడితే గుడ్డ ఉబ్బుతుందని అమ్మ తిట్టేది గుర్తుందా? దారం దొరకలేదు. చీరల అంచుల్లోంచి పోగులు లాగి పేనుకున్నాం. ఒక వైపు కుప్పమ్మ, ఒక వైపు నేను, నట్టనడుమ దయ. లేవమంటే లేవదు. దాని చుట్టూ కుట్టుకుంటూ వచ్చాం. చివరికి అది కూర్చున్నంత మేర మిగిలితే, బెల్లంముక్క చూపించి లేపి ఆ కాస్తా కుట్టాను.

ఇప్పుడది ఏడవడం లేదు. బొంత కప్పగానే పండుకుంటుంది. నువ్వు రాసిందే చేస్తున్నాను, నా బిడ్డే అనుకుంటున్నాను. నిన్న గుళ్లో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఇది గట్టిగా "దూడ పాలు తాగేసినాది" అని చెప్పింది. పాస్టరుగారు కూడా నవ్వారు. సంగటి ముద్ద తనే గుంట చేసి పప్పు పోయించుకుంటుంది. నడక అచ్చం నాలాగే ఉందని ఊరంతా అంటున్నారు. నాలాగా ఎందుకుంటుందిలే, నా వెంట తిరిగి నేర్చుకుంది.

మీ బావ చెరుకు కొట్టడం మొదలుపెట్టాడు. గానుగ మనకు వచ్చే వంతు క్రిస్మస్ తర్వాతే. కట్టెలు పచ్చివి, ఎలా మండుతాయోనని ఆయన దిగులు. నాకైతే బెల్లం వండే పెనం దగ్గర వెచ్చగా కూర్చోవచ్చని సంతోషం.

కుప్పమ్మ కూతురింటికి మదనపల్లె వస్తోంది. అనపకాయలు ఇచ్చి పంపుతున్నాను. వండి పెట్టేవాళ్లు ఉంటారో లేదో, పచ్చివే వాసన చూసుకో. ఆమె నోరు ఆగదు, ఇక్కడి కబుర్లన్నీ చెబుతుంది. నేను రాయనక్కర్లేదు.

మీ అక్క,
నిర్మలమ్మ

కొండ ఆసుపత్రి,
డిసెంబరు 20.

అక్కకు,

కుప్పమ్మ వచ్చింది. అనపకాయలు అందాయి. కబుర్లూ అందాయి.

ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. "మీయక్క బొంత ఎంత బాగా కుట్టినాది అనుకున్నావు. పైన మీ పెండ్లినాటి నగరి చీర ఏసినాది. తెల్లంగా మెరస్తా ఉండాది, మెంతిరంగు అంచు సుట్టూతా వచ్చినాది. మీయాయన మొన్న వచ్చినాడు. పాప పక్కన కూసోని బొంత మింద సెయ్యేసి నిమిరినాడు. కండ్లు ఎర్రంగా ఉండాయి." పాపం, ఆమె మెచ్చుకుంటూనే చెప్పింది. ఆమెకు మన ఇంటి పద్ధతి తెలియదు.

నీకు తెలుసు. ఉన్నవాళ్ల చీర లోపల, పోయినవాళ్ల చీర పైన. పోయినవాళ్లు పైనుంచి కప్పి కాపాడాలని. అమ్మ పోయిన ఏడు అమ్మ కాఫీరంగు చీర పైన వేసి నువ్వూ నేనూ కుట్టాం. కుడుతూ కుడుతూ నువ్వు ఏడిస్తే నీ సూది నేను తీసుకున్నాను.

ఏ చీరైనా తీసుకోమన్నాను, నిజమే. నాయన నగరిదాకా నడిచిపోయి, మగ్గం దగ్గర నిలబడి నేయించి తెచ్చిన చీర తీసుకుంటావనుకోలేదు. తీసుకుంటే తీసుకున్నావు, పైన వేస్తావనుకోలేదు. వేసి, నాకు రాసిన ఉత్తరంలో అడుగు పొర చెప్పావు, దానిపైది చెప్పావు, ఆపైన నోరు మూసుకున్నావు. డాక్టరమ్మ మీకు నా సంగతి వేరే రాసిందా? ఆయన అందుకేనా ఉత్తరాలు మానేశాడు? మీరంతా కలిసి నన్ను సాగనంపేశారు, ఆ సంగతి నాకొక్కదానికే చెప్పలేదు.

దయ నడక నీలాగే ఉందని రాశావు. సంతోషం.

నేను చావలేదు అక్కా. జనవరిలో వస్తున్నాను. డాక్టరమ్మ ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా. వచ్చి నా బిడ్డను నేను తీసుకుంటాను.

ఆనందమ్మ

చింతలవంక,
డిసెంబరు 27.

ఆనందా,

పండగపూట నీ ఉత్తరం చదువుకుని వండిన అన్నం అలాగే వదిలేశాను. మీ బావ అడిగితే పొగ కళ్లల్లో పడిందన్నాను. పొయ్యి ఆర్పి అప్పటికే చాలాసేపైంది.

చెప్పేది సాంతం చదువు. మధ్యలో ఆపి ఏడవకు.

నువ్వు ఆసుపత్రికి పోయేముందు, జబ్బు అంటుతుందని కట్టిన చీరలన్నీ చౌడు వేసి ఉడకబెట్టి ఉతికించావు. పెట్టె తెరిచి వాటిని దయ పక్కలో వేస్తే తోసేసింది. వాటిలో చౌడు వాసన తప్ప ఏమీ లేదు. అడుగున నగరి చీర ఒక్కటే నువ్వు జబ్బు పడకముందు కట్టి మడిచి పెట్టింది. అది పైకి తీయగానే దయ దూడలాగా వచ్చి ముఖం పెట్టేసింది. ఇక వదల్లేదు. నేనేం చేసేది?

మన పద్ధతి నాకు తెలియదా? లోపలే వేశాను ఆనందా. నగరి చీర లోపల వేసి, పైన నీ నీలం చీర వేసి కుట్టాను. రెండు రోజులు అలాగే ఉంది. దయ ఏం చేసిందో తెలుసా? గోటితో కుట్టు విప్పి, వేలు దూర్చి, లోపలి చీర పట్టుకుని నిద్రపోయింది. పొద్దున నేను కుట్టడం, పండుకునేటప్పుడు అది విప్పడం. గోరు చిట్లి రక్తం వచ్చింది. అప్పుడు విప్పదీసి నగరి చీర పైకి వేశాను. కుట్టేటప్పుడు అమ్మను తలుచుకుని, ఇది పోయిన మనిషి చీర కాదు తల్లీ, రావలసిన మనిషి చీర అని గట్టిగానే చెప్పాను. కుప్పమ్మ "ఎవురితో మాట్లాడతా ఉండావు" అంది. నీకు ఎందుకు రాయలేదంటే, నువ్వు ఇదిగో ఇలాగే అనుకుంటావని.

జయరావు సంగతి. అతని కళ్లు ఎర్రగా ఉన్నది రెండు డ్యూటీలు వరసగా చేసి నిద్ర లేక. బొంత నిమిరి, "వదినా, ఈ కుట్టేంది ఇట్టా వంకర పోయినాది" అని, పిల్ల పక్కనే పండుకుని పొద్దువాలేదాకా లేవలేదు. లేచి రైలుకు పరిగెత్తాడు. ఉత్తరం రాయమని నేను తిట్టాను. "ఏమని రాయాలో తెలీలేదు వదినా, బాగుండావా అని అడగాలంటే భయమైతాది" అన్నాడు. మగవాళ్ల ధైర్యం అంతే.

ఇక నా సంగతి. నీ బిడ్డే అనుకో అన్నది నువ్వు. అనుకున్నాను. అనుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు, ఆ మాట నువ్వు చెప్పకముందే మొదలైంది. ఇప్పుడు నా బిడ్డను నేను తీసుకుంటాను అని రాశావు. నేను దొంగిలించినట్టు. ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసింది నిజమే కాబట్టి ఏమీ అనలేను.

అయినా ఒకటి చెబుతున్నాను. ఇప్పుడు వస్తే వాకిలి తీయను. నా మీద కోపంతో ఆ ఊపిరితిత్తిని పాడుచేసుకుంటే, ఆ జబ్బు దయకు అంటితే, అప్పుడు ఎవరి చీర ఎక్కడ వేసి కుట్టాలి? బతిమాలుతున్నాను, ఎండాకాలం దాకా ఉండు.

నిర్మలమ్మ

కొండ ఆసుపత్రి,
1945 జనవరి 5.

అక్కా,

సాంతం చదివాను. మధ్యలో ఆపలేదు. ఏడవలేదని మాత్రం అనను.

దాని గోరు మానిందా?

నువ్వు అదంతా ముందే రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. నీ తప్పు అక్కడుంది, ఒప్పుకో. నేను అన్న మాటలు నా తప్పు. సరికి సరి. ఆయన ఉత్తరం కూడా వచ్చింది. నాలుగు వాక్యాలు, అందులో రెండు ఇంజన్ల గురించి. అయినా తలగడ కింద పెట్టుకున్నాను.

నీ ఉత్తరం రాకముందే డాక్టరమ్మ దగ్గరికి పోయి ఇంటికి పంపమన్నాను. ఆమె కోప్పడలేదు. ఒకటే అడిగింది, "ఇంటికి పోతే బిడ్డ ఎక్కడ పండుకుంటుంది?" అని. నా పక్కనే అనబోయి ఆగిపోయాను.

కానీ అక్కా, ఉండలేకపోతున్నాను. నీ దగ్గర దాచడం దేనికి? ఇక్కడ అందరికీ పొద్దున్నే దగ్గు వస్తుంది, నాకు దయ గుర్తొస్తుంది. దాని ముఖం పూర్తిగా కనబడటం లేదు. చెవులు గుర్తున్నాయి, మెడమీది మచ్చ గుర్తుంది, అన్నీ కలిపి ముఖం చేయలేకపోతున్నాను. నేను పోయేనాటికి అది ఎలా ఉందో, ఇప్పుడు అలా ఉండదు కదా. నాకు తెలియని పిల్లను తలుచుకుని ఏడుస్తున్నానేమో.

ఒకసారి తీసుకురా. కంచె అవతల నుంచి చూపించవచ్చు, ఇక్కడ ఒప్పుకుంటారు. అది నన్ను గుర్తుపడితే చాలు. ఎండాకాలం దాకా కాదు, వానాకాలం దాకా ఉండమన్నా ఉంటాను. గుర్తుపట్టకపోతే మాత్రం నీ మాటా వినను, డాక్టరమ్మ మాటా వినను. ఆ పూటే మీ వెంట వచ్చేస్తాను. బట్టలు మూట కట్టి పెట్టుకుంటాను. ఇది బెదిరింపు కాదు, నా వల్ల అయ్యేది ఇంతేనని చెబుతున్నాను.

గానుగ వంతు అయిపోయాకే రండి. బావ ఒక్కడే పెనం దగ్గర తిప్పలు పడకూడదు.

నీ ఆనంద

చింతలవంక,
జనవరి 23.

ఆనందా,

మొన్న ఇంటికి చేరాం. పాకాలలో దిగేసరికి బాగా రాత్రయింది. మీ బావ బండి కట్టుకుని వచ్చి కాచుకుని ఉన్నాడు.

నువ్వు ఎందుకు రాలేదు?

ఆ రోజు నువ్వు కంచె దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి వరండాలోకి పోయావు. మూట తెచ్చుకోవడానికి పోయావనుకున్నాను. గేటు దగ్గర రాతిమీద కూర్చున్నాను. జట్కావాడు "అమ్మా, బండి తప్పిపోతాది" అని గోల. వాడిని పొమ్మన్నాను. ఇంకో జట్కా మాట్లాడుకున్నాను. పొద్దు వాలింది. నువ్వు రాలేదు. నువ్వు వస్తే కాళ్లు పట్టుకుని ఆపాలనుకున్నాను. రాకపోయేసరికి లోపలికి పరిగెత్తి నిన్ను తీసుకొచ్చేయాలనిపించింది. చివరికి రెండూ చేయలేక రైలెక్కాను.

దారి పొడుగునా దానికి నేర్పాను ఆనందా. పీలేరు దాటాక, "కొండమీద ఎవరుంటారు?" అంటే "అమ్మ" అనింది. "తెల్లచీర కట్టుకుని ఎవరొస్తారు?" అంటే "అమ్మ" అనింది. పక్కన కూర్చున్న ముసలామెకు కూడా చెప్పింది. అన్నీ సరిగ్గా చెప్పి, నిన్ను చూడగానే మొత్తం మర్చిపోయింది. నువ్వు అంత చిక్కిపోయి ఉంటావని నేనే అనుకోలేదు, అది ఎలా అనుకుంటుంది? నువ్వు చేతులు చాపగానే నా కొంగులో తల దూర్చి, "అమ్మా, ఇంటికి పోదాం పా" అంది. నాతో. నీ ఎదురుగా. ఆ మాటకు నేల చీలి నేను అందులోకి పోతే బాగుండుననిపించింది.

అది అలా పిలవడం నేను నేర్పలేదు. సంక్రాంతి ముందు ఎప్పుడో ఒకరోజు దానంతట అదే పిలిచింది. నేను పెద్దమ్మనని దిద్దాలి. ఆ పూటకు దిద్దలేదు. మర్నాడు దిద్దుదామనుకున్నాను. మర్నాడు కూడా పిలిస్తే బాగుండుననిపించింది.

ఇప్పుడు దిద్దుతున్నాను. "నేను అమ్మను కాదు, పెద్దమ్మను" అని గట్టిగా చెప్పాను. అమ్మా అంటే పలకడం లేదు. నిన్న పొద్దున నుంచి మూడుసార్లు పిలిచి, నేను పలక్కపోయేసరికి గడప మీద కూర్చుంది. ముద్ద పెడితే నోరు తెరవలేదు. మీ బావ నన్ను తిట్టి, దాన్ని భుజాన వేసుకుని చెరుకు తోటకు తీసుకుపోయాడు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. రేణిగుంటలో మీ అత్తగారి దగ్గరికి దయను పంపిస్తాను. జయరావు కూడా అక్కడే ఉంటాడు, నాన్న అయినా గుర్తుంటాడు. ఆమె ముసలిది, అమ్మ అనే మాటకు అక్కడ పోటీ ఉండదు. నా దగ్గర ఉంటే నువ్వు వచ్చేసరికి దానికి నువ్వు పరాయిదానివవుతావు. ఆ పాపం నాకు వద్దు. పై నెల మొదటి ఆదివారం జయరావును రమ్మని రాస్తున్నాను. నీ మాట కోసం ఆగుతాను, కానీ వద్దనకు. వద్దంటే నాకు మళ్లీ ఆశ పుడుతుంది.

బెల్లం బాగా వచ్చింది. ఎర్రగా, గట్టిగా. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

మీ అక్క,
నిర్మలమ్మ

కొండ ఆసుపత్రి,
జనవరి 27.

అక్కా,

ఈ ఉత్తరం అందగానే ఆయనకు రావద్దని రాయి. లేదా వచ్చి బెల్లం తిని పొమ్మను. దయను మాత్రం పంపకు.

ఎందుకు రాలేదని అడిగావు. మూట మంచం కిందే ఉంది. ఆ రోజు పొద్దున్నే తల దువ్వుకుని, పక్క మంచం ఆమెకు చెప్పాల్సినవన్నీ చెప్పేసి, కంచె దగ్గరికి వచ్చాను. అది గుర్తుపట్టదని నాకు లోపల తెలుసక్కా. గుర్తుపట్టకపోతే వచ్చేస్తానని రాశాను కదా, ఆ వంకతో వచ్చేయవచ్చనే ఆశ.

నేను చేతులు చాపాను. అది భయపడింది. భయపడి అటూ ఇటూ చూడలేదు, బిక్కమొహం వేయలేదు. గబుక్కున నీ కొంగులోకి పోయింది. నువ్వు తల వంచుకుని నిలబడ్డావు గాని, నీ చెయ్యి నీకు తెలియకుండానే దాని వీపు మీదికి పోయింది. నేను చూశాను. దాని బుగ్గలు చూశాను, తలకు నూనె చూశాను, ఈ చలిలోనూ పగలని దాని పాదాలు చూశాను. నా కూతురి ముఖం నాకు దొరికింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే మొత్తం కనబడుతోంది.

నొప్పి కలగలేదని అబద్ధం చెప్పను. వరండాలోకి పోయి గోడవైపు తిరిగి పండుకున్నాను. నువ్వు గేటు దగ్గర కూర్చున్నావని తెలుసు. రెండుసార్లు మూట చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్న ప్రతిసారీ ఒకటే ఆలోచన. ఇప్పుడు నేను పోయి ఆ పిల్లను ఆ కొంగులోంచి లాగి, నేనే అమ్మనని చెప్పి, నా దగ్గు దానికి ఇచ్చి, దాని భయాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియకుండా చేయాలా? మూట విప్పి బట్టలు మళ్లీ మేకుకు తగిలించాను. డాక్టరమ్మ ఎప్పుడు పొమ్మంటే అప్పుడే పోతానని ఆ సాయంత్రమే చెప్పాను.

అందుకని దాన్ని దిద్దకు. అమ్మా అంటే పలుకు. మూడుసార్లు పిలిచి గడప మీద కూర్చుందని చదివి నీ మీద నాకు వచ్చినంత కోపం, చీర సంగతి విన్నప్పుడు కూడా రాలేదు. పిలిచిన పిల్లకు పలక్కుండా ఎలా ఉండగలిగావు? నా కోసమని అలాంటివి చేయకు. నేను పిలిపించుకోలేని రోజుల్లో ఆ పిలుపు వృథా పోకూడదు, ఎవరో ఒకరు అందుకోవాలి. నువ్వే అందుకో.

నేను వస్తాను. ఎండాకాలానికో, ఆ తర్వాతో. వచ్చిన మొదటిరోజే నేను ఎవరో దానికి చెప్పొద్దు. ఇంటికి చుట్టం వచ్చిందని చెప్పు. పక్క వేరే వేయి. మీ ఇద్దరూ ఎప్పుడూ పండుకునే చోటే పండుకోండి, నేను కాస్త దూరంలో ఉంటాను. నీ చెల్లెలినని తెలిసి అది నన్ను మొదట చిన్నమ్మా అని పిలిస్తే, పలుకుతాను. నన్ను పిలిస్తే చాలు.

ఆనంద